నీలగిరి పత్రికయు వార్తాశబ్దార్థమును

వార్తాపత్రికల భాష సాహిత్యవిమర్శకు విషయము కాదని పండితులలో నొక యభిప్రాయము చిరకాలముగా నున్నది. పెద్ద నగరములందు వెలువడి దేశమంతట వ్యాపించిన పత్రికల విషయమున నీ యభిప్రాయ మిప్పుడు కొంత సడలినది. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయములను గద్యకావ్యములవలె పఠించువారు కలరు. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రికను పేర్కొనని వాఙ్మయచరిత్ర లేదు. జిల్లాలలోని చిన్న పట్టణములందు పుట్టి, కొలది యేండ్లు బ్రతికి, నిలిచిపోయిన పత్రికలకు మాత్ర మా భాగ్యము పట్టలేదు. వాని కథ చరిత్రగ్రంథములందు సంవత్సరసంఖ్యతో గూడ నొక్క పంక్తిలో ముగియును. నల్లగొండనుండి 1922లో వెలువడిన నీలగిరి పత్రిక యట్టిది. ఆ యొక్క పంక్తి చాలదనియు, తెలంగాణమున తెనుగు వచనమున కెదురైన యొక ముఖ్యప్రశ్న యిట్టి చిన్నపత్రికల ముందే నిలిచినదనియు నా యభిప్రాయము. ఆ ప్రశ్న శబ్దస్వరూపమునకును వాక్యస్వరూపమునకును సంబంధించినది. కావున వ్యాకరణము చదివినవాడు దానిని విచారించుట యపచారము కానేరదు.

మొదట వార్తాశబ్దము. అమరసింహు డీ శబ్దమును రెండు తావుల చెప్పినాడు. శబ్దాదివర్గమున నిది వృత్తాంతమునకు పర్యాయము. వైశ్యవర్గమున జీవికకు పర్యాయము. బాల్యమున నమరము వల్లించినవా రందఱు నీ రెండు తావులను ఎఱుగుదురు. రెండింటిని కలిపి యాలోచించువా రరుదు. కౌటిల్యుడు విద్యలు నాలుగని చెప్పుచు, ఆన్వీక్షికీత్రయీదండనీతులతో పాటు వార్తను గూడ పరిగణించి, కృషి, పశుపాలనము, వాణిజ్యము అను మూడింటికి నా పేరు పెట్టెను. వృత్తిశబ్దముతో చుట్టఱికము గల మాటయే యిది. ఎట్లు బ్రతుకుచున్నారను ప్రశ్నకును ఏమి జరిగినదను ప్రశ్నకును ఒక్క మాటయే యుత్తర మగుట కేవలము కోశకారుల చమత్కారము కాదు. వాన పడినదా, పంట యెట్లున్నది, సంతలో ధర యెంత యని యడుగుటయే కుశలప్రశ్న యైన దేశమున నీ రెండర్థములు విడివడి యుండుటయే వింత.

పత్రికాశబ్దము సంగతియు చూడదగినదే. పత్రమనగా ఆకు, పిదప వ్రాతతో గూడిన యాకు, అనగా జాబు. అల్పార్థమున కప్రత్యయము వచ్చి, స్త్రీత్వమున టాప్పు చేరగా, ప్రత్యయకకారమునకు ముందున్న యకారమునకు పాణినీయము ప్రకార మిత్వము కలిగి పత్రికా యగును. తెనుగున దీర్ఘము హ్రస్వమై పత్రిక యైనది. చిన్న యాకు అని యర్థము. చెన్నపట్టణపు దినపత్రికలకంటె నల్లగొండ వారపత్రికకే యీ వ్యుత్పత్తి చక్కగ నతుకును. ఇక జనసామాన్యము వార్తను కబు రనును. అది యరబ్బీభాషలోని ఖబర్ శబ్దము. మహాప్రాణము పోయి, అజంతమై, ఉకారమును ధరించి, బహువచనమున కబుర్లయి, చివరకు పొద్దుపోక మాటలకు గూడ పేరయినది. ఇంత చక్కగ తెనుగైన మాటను అన్యదేశ్యమని వెలివేయ నెవనికి సాధ్యము?

ఈ శబ్దములు మూడును నల్లగొండలో కలిసికొన్న కాలమును ఇంచుక తెలిసికొనవలెను. నిజాం రాజ్యమున తెనుగు మాటాడువారు జనసంఖ్యలో సగమునకు దగ్గఱగ నుండిరి. అయినను కచ్చేరీలలో పారసీకము పోయి ఉర్దూ వచ్చెనే గాని తెనుగునకు తావు లభింపలేదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. 1921 నవంబరు 12న హైదరాబాదునందలి వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కారసభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెనుగున మాటాడబోగా సభలోనివారు గేలిచేసిరి. ఆ యవమానముయొక్క ఫలముగ ఆంధ్రజనసంఘము పుట్టెను. మఱుసటి సంవత్సరమే రెండు తెనుగు వారపత్రికలు రాజధానినుండి కాక జిల్లాలనుండి బయలుదేరెను. ఒకటి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నల్లగొండలో నెలకొల్పిన నీలగిరి. రెండవది ఓరుగల్లు ప్రాంతమునందలి ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు నడపిన తెనుగు పత్రిక. ఇంతకుముందు, 1913లో, మహబూబునగరము జిల్లానుండి హితబోధిని యను మాసపత్రిక వెలువడియుండెను. గోలకొండ పత్రిక పుట్టుటకు మాత్ర మింకను నాలుగేండ్లు పట్టవలసియుండెను. జిల్లా ముందు, నగరము వెనుక; తెలంగాణ పత్రికాచరిత్రయందు గమనింపదగిన క్రమ మిది.

ఈ రెండు పత్రికల పేళ్లను పక్కపక్కన నుంచి చూచిన నొక విశేషము తోచును. నల్లగొండ యచ్చతెనుగు సమాసము. నల్లగలువయందువలె నుత్తరపదాదిపరుషము సరళమైనది. దానికి సంస్కృతరూపము నీలగిరి. సంపాదకుడు తన పట్టణమును సంస్కృతనామముతో పిలిచి పత్రికకు పెట్టినాడు. ఇనుగుర్తి సోదరు లన్ననో సంస్కృత మెఱిగినవారయ్యు, బహుభాషలలో ప్రవేశము గలవారయ్యు, భాష పేరునే పత్రికకు పెట్టి, ఆంధ్రమనక, తెలుగనక, తెనుగనిరి. ఒకరిది గౌరవమును కోరు పేరు. ఒకరిది ఉనికిని చాటు పేరు. గేలికి గురియైన భాషకు రెండును కావలసినవే. ఏది మేలని నన్నడిగినచో, శాస్త్రాభిమానము నన్ను నీలగిరివైపునకు లాగును గాని, తీర్పు మాత్రము తెనుగునకే యిత్తును.

షబ్నవీసు అను నింటిపేరును గూర్చి యొక్క మాట. పారసీకమున షబ్ అనగా రాత్రి. నవీస్ అనగా వ్రాయువాడు. వాకియానవీసు, అఖ్బార్ నవీసు అను మాటలు పాత పాదుషాల కాలమున సర్కారునకు వార్తలు వ్రాసి పంపు నుద్యోగులను తెల్పునవి. ఆ కోవకు చెందిన బిరుదనామము గల కుటుంబమున జన్మించిన యాయన, ప్రభువునకు కాక ప్రజలకు వార్తలు వ్రాయుటకు పూనుకొనెను. ఇంటిపేరు పారసీకము, పత్రికపేరు సంస్కృతము, అందలి మాట తెనుగు. తెలంగాణమునందలి విద్యావంతుని భాషాస్థితి యీ మూడు పదములలో నిమిడియున్నది.

పత్రిక యొంటరిగ రాలేదు. నల్లగొండయందు ఆంధ్రసరస్వతీ గ్రంథనిలయమును, సూర్యాపేటయందు ఆంధ్రవిజ్ఞానప్రకాశినీ గ్రంథాలయమును అంతకుముందే వెలసియుండెను. సూర్యాపేటనుండి కోదాడకు పోవు త్రోవలో మునగాల పరగణా కలదు. చుట్టును నిజాం రాజ్యము. నడుమ నీ పరగణా మాత్రము కృష్ణాజిల్లాకు చెందిన యింగ్లీషు పాలనలోని భూమి. దాని ప్రభువు నాయని వేంకటరంగారావుగారు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకును విజ్ఞానచంద్రికామండలికిని పోషకుడు. దివాను కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు. ఆ త్రోవలోనే బెజవాడ, బందరుల మాట పడమటికి వచ్చెను. ఒకే బాట మీద నడచువానికి మూడు మజిలీలలో రెండు ప్రభుత్వముల చట్టములు తగిలెడి చోటది. ఇట్టి సరిహద్దుసీమయందు పత్రిక మొలకెత్తుట యాశ్చర్యము కాదు. ఆంధ్రజనకేంద్రసంఘమువారు 1924లో నల్లగొండయందును, 1928లో సూర్యాపేటయందును సమావేశమగుటకు గూడ నీ నేల ముందే దున్నబడియుండుటయే కారణము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తును. కావ్యములు వ్రాయువానికి వస్తువు లోకప్రసిద్ధము. దానికి తగిన శబ్దసామగ్రి వేయి సంవత్సరములనుండి సిద్ధముగ నున్నది. జిల్లాపత్రిక వ్రాయువానికి వస్తు వేది? శిస్తు, పట్టా, మొహతర్ఫా, వెట్టి, తహసీలుదారు, దేశముఖు, పటేలు, పట్వారి. వీనిలో కొన్నింటికి మన నిఘంటువులలో స్థానము లేదు. స్థానము గలవానికి గౌరవము లేదు. గ్రామాధికారి, మండలాధికారి యని సంస్కృతపదములను కల్పించి వాడవచ్చును. కాని రైతు పన్ను చెల్లించునది తహసీలునందు. అతనికి చీటి వ్రాసి యిచ్చువాడు పట్వారి. మాట మార్చిన మనిషి మాఱును. శుద్ధమైన మాటతో వ్రాసిన ఫిర్యాదు ఎవనిమీదనో తెలియకపోవును. కచ్చేరిమాటనే వాడినచో పండితులు పెదవి విఱుతురు. ఈ రెండింటి నడుమ సంపాదకుడు వారము వారము నిర్ణయము చేయవలసియుండెను. నిర్ణయమునకు శాస్త్రగ్రంథము తోడు రాలేదు.

వెట్టిశబ్దమును పరీక్షింతము. పామరుల మాటగ తోచు నిది, విష్టియను సంస్కృతశబ్దమునకు తద్భవము. కూలి యీయక చేయించుకొను పనికి విష్టి యని యర్థశాస్త్రమునందును ధర్మశాస్త్రములందును పేరు కలదు. అనగా పేరుతో పాటు ఆచారమును ప్రాచీనమే యనుట. కోశమున విష్టి కనబడిన నర్థము వ్రాసికొని పోవు పండితుడు, వీథిలో వెట్టివానిని చూచి యా మాటను తలచికొనడు. మొహతర్ఫా యన్ననో యరబ్బీశబ్దము. వృత్తిపనివారి మీద వేయు పన్ను. మాడపాటి హనుమంతరావుగారు ప్రాణముగ నున్న ఆంధ్రజనసంఘము వెట్టిని గూర్చియు మొహతర్ఫాను గూర్చియు వర్తకస్వాతంత్ర్యమును గూర్చియు చిన్న పుస్తకములు ప్రకటించెను. కౌటిల్యుని వార్తయందు వాణిజ్యమున్నది. ఆ పుస్తకములందు నదే యున్నది. వెట్టి వైదికభాషాసంతతి, మొహతర్ఫా యెడారిభాషాసంతతి. బాధ రెండింటను తెనుగువానిదే. ఇచ్చట శబ్దజాతిని బట్టి పంక్తిభేదము పాటించుట యెంత యసంగతమో వేఱ చెప్పనక్కఱలేదు.

శాస్త్రము తోడు రాలేదంటిని. శాస్త్రకారుల వివేకము మాత్రము తోడుగ నుండెడిదే. కుండ కావలసినవాడు కుమ్మరి నాశ్రయించునట్లు, మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి పోయి తయారుచేసి యిమ్మని యడుగడను భావమును మహాభాష్యకారుడు పస్పశాహ్నికమున వెల్లడించినాడు. శబ్దమును లోకము చేయును, శాస్త్రము నియమించును. మన కవులకు నీ వివేకము లేకపోలేదు. గోలకొండ సుల్తాను ఇబ్రాహీం కుతుబ్షా పేరును వారు మల్కిభరాముడుగ మార్చి పద్యములందు కూర్చుండబెట్టిరి. పొన్నికంటి తెలగనార్యుడు తొలి యచ్చతెనుగుకావ్యమైన యయాతిచరిత్రమును పటాన్ చెరువు నేలిన అమీన్ ఖానునకు అంకితము చేసెను. సుల్తానును రాముని చేసిన నేర్పును మెచ్చుకొనువారు, తహసీలుదారును తహసీలుదారనిన విలేఖకుని మన్నింపకుండుట పక్షపాతమే. ఒకడు రాజు, ఒకడు ఉద్యోగి యనుట తప్ప భేదము కానరాదు.

అయినను నీలగిరినాటి పత్రికలను కేవలము స్తుతించుట విమర్శ కాదు. ఆ కాలమున నిజాం రాజ్యమందు నూటికి అయిదుగురైనను చదువ నేర్చినవారు లేరు. వెట్టిచేయువాడు పత్రిక కొనడు, కొన్నను చదువలేడు. పత్రిక యొకరు చదువగా పదుగురు వినవలసినదే. వినవలసిన వాక్యమునకును కంటితో చదువవలసిన వాక్యమునకును భేదము కలదు. గ్రాంథికవచనము క్త్వార్థకములను గొలుసువలె కూర్చి, కర్తను మొదటను క్రియను చివరను నిలిపి, నడుమ నాలుగైదు విశేషణవాక్యములను నింపును. చదువరి కన్ను వెనుకకు మరలి చూడగలదు. చెవికా యవకాశము లేదు. ఒక యుదాహరణమును కల్పించి చూపెదను. “తమకెట్టి మూల్యమును ఈయబడకున్నను అహోరాత్రములు పనిచేయవలసివచ్చుటచే ఖిన్నులగుచున్న గ్రామసేవకుల దురవస్థ శోచనీయము” అనిన, రచ్చబండ దగ్గఱ వినువాడు ఆ శోచనీయుడు తానేయని గ్రహింపలేడు. “కూలి ఈయరు. రాత్రియు పగలును పని చేయింతురు” అనిన వెంటనే తల యెత్తును. రెండవది గూడ వ్యాకరణదుష్టము కాదు. గ్రాంథికమునకు చిన్నవాక్యము నిషిద్ధమని యే సూత్రమును లేదు. చిన్నయసూరియు నట్లు విధింపలేదు. నన్నయతిక్కనల పద్యములలో నెన్ని చిన్నవాక్యములు లేవు! దీర్ఘత మన పూర్వవచనకర్తల యలవాటు మాత్రమే. ఆ యలవాటును గ్రాంథికలక్షణమని భ్రమించుట గ్రాంథికవాదులకును, వారిని ఖండించినవారికిని సమానమైన దోషము. ఈ వ్యాసము గూడ నా యలవాటునకు లోబడియే వ్రాయబడుచున్నదని చదువరులు నవ్వుకొనవచ్చును. అయితే దీనిని రచ్చబండ దగ్గఱ చదువు నుద్దేశము నాకు లేదు.

నీలగిరి యా దశకము ముగియకముందే నిలిచిపోయెను. సభలకే ముందుగ ననుమతి కావలసిన రాజ్యమున, ఒక్కని భుజముల మీద నడచిన పత్రిక యన్నేండ్లు నిలుచుటయే విశేషము. దాని పని యంతటితో ముగియలేదు. 1926 మే 10న సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక హైదరాబాదున వెలసి, జిల్లాల మాటను రాజధానికి చేర్చెను. తెలంగాణమున కవులు లేరను నాక్షేపము వచ్చినపు డాయన వాదమునకు దిగలేదు. పత్రికకు గల యూరూరి సంబంధములను పురస్కరించుకొని పద్యములు రప్పించి, 350 మందికి పైగా కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. ఈ సంచికను సాహిత్యకార్యముగ కీర్తించుచున్నాము; కాని దాని పద్ధతి పత్రికాకార్యపద్ధతి. విమర్శకుడైన యెడల లక్షణము చెప్పి వాదించును, పత్రికాసంపాదకుడు గనుక సాక్షులను పిలిచెను. అందలి పద్యములన్నియు నుత్తమములని యెవరును చెప్పజాలరు. సాక్షికి వాగ్మిత్వము గాక సత్యము ముఖ్యము.

ఆయన 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్ర కూడ నీ దృష్టితో చదువదగినది. రాజవంశముల పట్టికలను పక్కకు నెట్టి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పన్నులు కట్టిరని కావ్యములను ప్రశ్నించిన గ్రంథమది. కేంద్రసాహిత్య అకాడమీ తెనుగునకు 1955లో నిచ్చిన తొలిబహుమానమును పొందినది. ప్రబంధములను జిల్లాపత్రికలవలె చదువుట యాయన నేర్పు. అందుండి వార్తను, అనగా కౌటిల్యుని వార్తను, వెలికిదీసెను. ఇరువది యేండ్లకు పైగా గ్రామములనుండి వచ్చు జాబులను చదివిన చేతికి గాని యీ నేర్పు పట్టుపడదని నా నిశ్చయము.

నడిమి కథను క్లుప్తముగ చెప్పుదును. 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరున రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ జరిగెను. పిదప నీ సీమ పోరాటభూమి యయ్యెను. నలుబదులలో హైదరాబాదునుండి మీజాను దినపత్రిక తెనుగున గూడ వెలువడి, అడివి బాపిరాజుగారి సంపాదకత్వమున నడచెను. 1948 తరువాత పత్రికలకు గల యుర్దూసర్కారు భయము పోయెను గాని, జిల్లాకు తన పత్రిక మరల ముఖ్యస్థానమున నిలువలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల చదువరులు చిరకాలము విజయవాడ, హైదరాబాదులనుండి వచ్చు పుటలలో తమ యూరి పేరును వెదకికొనవలసియుండెను.

ఈ వెదకుకొనుట 1989లో ముగిసినది. 1974లో విశాఖపట్టణమున పుట్టిన ఈనాడు ఆ సంవత్సరమున జిల్లాకొక చిన్నపత్రికను దినపత్రికలో చేర్చి పంపు పద్ధతి నారంభించెను; తక్కినవి యనుసరించినవి. చిన్న యాకు మరల వచ్చినది. ఈమాఱు పెద్ద యాకులో మడిచిపెట్టబడి వచ్చినది. 1996లో వార్త యను పేరుతోనే యొక దినపత్రిక పుట్టెను. 2011లో నమస్తే తెలంగాణ వెలువడి, ఈ ప్రాంతపు పలుకుబడికి శీర్షికలలో తావిచ్చెను. నేడు పెద్దవూర మండలమందలి సంగతి మఱునాటి యుదయమున పెద్దవూరలోనే చదువవచ్చును. ఒద్దిరాజు సోదరులకును షబ్నవీసుగారికిని ఇది కలలోని మాట.

పెద్దవూర యను పేరే చూడుడు. పెద్ద, ఊరు అను పదములకు సంధి విధింపుమని పాఠశాలలో నడిగిన యడాగమము చేసి పెద్దయూరు అందుము. లోకము వకారమును పలికి, ఉకారాంతమును విడిచి పెద్దవూర యనినది. ఊకారము ముందు పెదవులు ముడుచుకొనుటచే వకారధ్వని తోచుట యుచ్చారణధర్మము. జిల్లాపత్రికకు శాస్త్రరూపము పనికిరాదు. పెద్దయూరు అని యచ్చువేసిన నా యూరివారే తమ యూరిని గుర్తింపరు. మిరియాల యనునది మిర్యాల యైన తీరునను నింతే. స్థలనామమునం దీ వినయమును చూపు పత్రికలు తక్కిన మాటలయందు నేల చూపవని నా ప్రశ్న.

నేటి జిల్లాపుటలను నిత్యము చదువువారికి కొన్ని వాక్యములు కంఠస్థములై యుండును. ప్రతి కార్యమును “ఘనంగా నిర్వహించారు”. ప్రతి పథకమును “సద్వినియోగం చేసుకోవాలి”. ప్రతి సభయందును “పలువురు పాల్గొన్నారు”. ఘనశబ్దమునకు సంస్కృతమున దట్టమను నర్థమును మేఘమను నర్థమును కలవు. తెనుగున గొప్పతనమను నర్థము వచ్చెను. జిల్లాపుటలో నే యర్థమును లేదు. వర్ధంతియు ఘనముగనే, జయంతియు ఘనముగనే. సద్వినియోగము చేసికొనవలెనని విధించువా డెవడు? పత్రికయా, అధికారియా? వక్త పేరు తుదకు వచ్చును గాని విధి మాత్రము పత్రిక నోటనే వెలువడును. పూర్వము వాకియానవీసు ప్రభువునకు ప్రజల సంగతి వ్రాసెను. ఇప్పటి వాక్యము ప్రజలకు ప్రభువుల సంగతి వ్రాయుచున్నది. వ్యావహారికమును చేపట్టినంత మాత్రమున వాక్యము ప్రజలదైపోదని యీ మూడు వాక్యములును చాటుచున్నవి. గ్రాంథికమునకు దీర్ఘత యెట్టిదో, దీనికి పడికట్టుమాట యట్టిది.

అదే పుటలో మఱియొక భాష యున్నది. పండితులు చూడవలసిన దది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాది పడినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, హుజూరునగరము, కోదాడ సీమలు వరిభూములయ్యెను. మిర్యాలగూడ బియ్యపుమరలకు పేరు పొందెను. ఈ మార్పుతో మాటలు వచ్చినవి. క్షణమునకు నొక ఘనపుటడుగు నీటిప్రవాహమునకు ఇంగ్లీషువా రిచ్చిన కుదింపుమాట, ద్విత్వమును ఉకారమును పొంది, క్యూసెక్కు అను తెనుగు నామమై, క్యూసెక్కులని బహువచనమును గూడ ధరించినది. శతకోటి ఘనపుటడుగులను టీఎంసీ యందురు. జలాశయమున నెన్ని టీఎంసీలున్నవో బడి ముఖము చూడని రైతు పత్రికను చదివించుకొని తెలిసికొనును. ధాన్యము కొను కాలమున తేమ నూటికి 17 పాళ్లు మించరాదను నియమము, తాలు, తరుగు అను మాటలు వచ్చును. తరుగు మంచి దేశ్యము. తఱుగుటయను క్రియనుండి వచ్చి, తూకమున బస్తాకింత యని కోసికొను భాగమునకు పేరైనది. ఆ యొక్క మాటలో రైతునకును మరయజమానికిని గల వ్యాజ్యమంతయు నున్నది. చెరువు నిండి పొరలినపుడు “మత్తడి దూకింది” అని వ్రాయుదురు. మత్తడి కట్టడము, దూకునది నీరు. ఆధారాధేయసంబంధముచే వచ్చిన లక్షణ యిది. అలంకారశాస్త్రమున గంగయందలి గొల్లపల్లెను నూఱేండ్లు చెప్పుకొనువారు దీని నొక్కమాఱు చెప్పిన విద్యార్థికి లక్షణ తెలియును, చెరువును తెలియును.

ఇట్టి మాటలను సేకరించుటకు పూర్వపు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనుకొని, భద్రిరాజు కృష్ణమూర్తిగారి యాధ్వర్యమున 1962లో మాండలికవృత్తిపదకోశమునందు వ్యవసాయపదముల సంపుటమును ప్రకటించెను. పరిశోధకు లూరూరికి పోయి కర్షకుల నడిగి వ్రాసికొనిరి. వ్యవసాయము, నేత మొదలగు వృత్తుల పదములే తొలుత సేకరింపదగినవని వారు నిర్ణయించుటలో కౌటిల్యుని వార్తయే యజ్ఞాతముగ మార్గము చూపినది. నాటి జిల్లాపత్రికలు నిలిచి, భద్రపఱుపబడియుండినచో, 1922నాటి మోటబావి మాటలును కచ్చేరిమాటలును సంవత్సరము, మాసము, తేదీలతో సహా మనకు లభించియుండెడివి. ఏ మాట యే యేట పత్రిక కెక్కెనో చెప్పగల కోశము తెనుగున కింకను కావలసియున్నది. దానికి కావ్యములు చాలవు.

ఇచ్చట నొక క్రొత్త యిబ్బంది చెప్పవలెను. 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లానుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేఱుపడినవి. కోదాడ సూర్యాపేట జిల్లాకు పోయినది. మిర్యాలగూడయు పెద్దవూరయు నల్లగొండలోనే నిలిచినవి. జిల్లాపుటలును విభాగము ననుసరించి చీలినవి. ఒకే యెడమకాలువ క్రింద పైవాడును క్రిందివాడును వేఱువేఱు పుటలు చదువుచున్నారు. పైన నీరు నిలిపిన సంగతి క్రింది పుటలో నాలస్యముగనో, అస్పష్టముగనో వచ్చును. పాలనకు జిల్లా సరిహద్దు. వార్తకు కాలువ సరిహద్దు. నీలగిరి పేరు పెట్టిన కాలమున కోదాడయు మిర్యాలగూడయు నా పేరి నీడలోనివే.

పరిశోధకసభవారికి నా విన్నపము కొలదిపాటిది. నీలగిరి, తెనుగు పత్రికల సంచికలు దుర్లభములు. పాత గ్రంథాలయముల యటకలమీదను, కరణముల యిండ్లలోని దస్తరములలోను, పెండ్లి పద్దుల పుస్తకములకు వేసిన యట్టలలోను వెదకవలెను. పూర్తి సంచిక దొరకనక్కఱలేదు; ఒక్క పుట యైనను చాలును. దొరకినవారు సంపుటసంఖ్య, తేదీ, అచ్చుకూటము పేరు, చందా, ప్రకటనలు, గ్రామవిలేఖకుల యూర్ల పేళ్లు, అచ్చుతప్పులు కూడ నున్న దున్నట్లు ఎత్తి వ్రాయవలెను, భాషను సవరింపరాదు. పాఠశాలలయందలి పండితులు నేటి జిల్లాపుటలనుండి వారమునకు పది మాటల చొప్పున, తేదీయు నూరి పేరును చేర్చి, విద్యార్థులచేత వ్రాయించి యుంచవచ్చును. పుట మఱునాడే పచారికొట్టులో పొట్లమగును గనుక నా పని యానాడే చేయవలెను.